అట్లాంటిక్ కారుకు కొత్త రేకు: నాన్నగారికి ఉత్తరం

ఇంగ్లండ్ నుంచి

పూజ్యులైన నాన్నగారికి,

నమస్కారములు. నేను ఇక్కడ క్షేమంగా ఉన్నాను. మీరందరూ క్షేమమని తలుస్తాను.

మీ ఉత్తరం చేరింది. "కనిపించకుండా పోయిన కారుకు కొత్తగా బాడీ కట్టి, అదే ఇదని నలుగురినీ నమ్మించే పనిలో నువ్వు కూడా చెయ్యి పెట్టావా?" అని మీరు అడిగిన మాట కొంచెం నిష్ఠూరంగా ఉన్నా, అడగవలసిన మాటే. ఫోనులో రెండు ముక్కల్లో జవాబు చెబితే అది సంజాయిషీలా వినిపిస్తుంది కనుక, మా షెడ్డులో నిజంగా జరుగుతున్నదేమిటో మొదటినుంచి రాస్తాను. ఏళ్ల తరబడి ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెప్పిన మీకు ఇందులో సగం తెలిసిన విద్యే.

మేము బాడీ కడుతున్నది బుగాటీ టైప్ 57ఎస్ అట్లాంటిక్ అనే కారుకు నకలు. ఫ్రాన్సులో ఆల్సాస్ ప్రాంతపు మోల్సైమ్ అనే ఊళ్లో ఎట్టోరె బుగాటీ కర్మాగారం ఉండేది. ఆయన పెద్ద కొడుకు జాన్ బుగాటీ 1935లో పారిస్ ప్రదర్శనకు ఏరోలిథ్ అనే కారును తీర్చిదిద్దాడు. అప్పటికి అతని వయసు 26 ఏళ్లు. మరో నాలుగేళ్లకు, 1939 ఆగస్టులో, ఒక కారును పరీక్షిస్తూ రోడ్డు ప్రమాదంలో మరణించాడు. ఏరోలిథ్ నమూనాగానే 1936 నుంచి 1938 వరకు అట్లాంటిక్ కార్లు తయారయ్యాయి. మొత్తం కలిపి నాలుగే నాలుగు. వాటిలో ఒకటి 1955లో లెవెల్ క్రాసింగు దగ్గర రైలు గుద్దడంతో నుజ్జయిపోగా, తరువాతి కాలంలో మిగిలిన ముక్కలనుంచి దాన్ని తిరిగి నిలబెట్టారు. జాన్ బుగాటీ స్వయంగా వాడుకున్న నల్ల కారు మాత్రం రెండో ప్రపంచ యుద్ధంలో కనుమరుగైంది. జర్మన్ సేనల భయంతో కర్మాగారాన్ని బోర్డోకు తరలించిన రోజుల్లో దాని జాడ పోయింది, ఇంతవరకు దొరకలేదు. ఏరోలిథ్ కూడా మిగలలేదు.

మేము అనుసరిస్తున్నది ఆ నల్ల కారును. దాని కింద పెట్టబోయే ఛాసిస్, అంటే కారు అడుగు చట్రం, కూడా పాతది కాదు, 57ఎస్ కొలతలకు కొత్తగా చేసినదే. మామూలు టైప్ 57కు ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం 330 సెంటీమీటర్లయితే 57ఎస్‌కు 298 సెంటీమీటర్లు మాత్రమే. కారు నేలకు దగ్గరగా కూర్చోవడానికి వెనుక ఇరుసును ఛాసిస్ కమ్మీల మధ్యనుంచే పోనిచ్చారు. ఈ 298 అనే అంకె మాకు చాలా విలువైనది, ఎందుకంటే లేని కారును కొలవాలంటే ఫొటోలలో కచ్చితంగా తెలిసిన కొలత ఒకటైనా ఉండాలి.

ఫొటోలనుంచి కొలతలు తీసే పద్ధతి మీకు నచ్చుతుంది. కెమెరాకు కొంచెం ఓరగా నిలబడిన కారు చక్రం ఫొటోలో దీర్ఘవృత్తంగా కనబడుతుంది. దాని హ్రస్వాక్షానికీ దీర్ఘాక్షానికీ ఉన్న నిష్పత్తిని బట్టి కెమెరా ఏ కోణంలో ఉందో తేలుతుంది. నేలమీది సమాంతర రేఖలు వెళ్లి ఎక్కడ కలుస్తాయో చూస్తే కెమెరా ఎంత ఎత్తున ఉందో తేలుతుంది. ఆపైన చక్రాల కేంద్రాల మధ్య దూరం 298 అని పెట్టుకుని, పైకప్పు ఎత్తు, మడ్‌గార్డు వంపు, తోక జారుడు ఒక్కొక్కటిగా వెనక్కి లెక్క కట్టుకుంటాం. ఇదంతా కంప్యూటరు చేయగలదు, చేస్తుంది కూడా. కానీ నల్లరంగు కారుమీద వెలుగు గీత ఎక్కడ విరిగిందో, అక్కడ రేకు ఎటు వంగి ఉండాలో చదవడం మాత్రం రేకు కొట్టి చెయ్యి తిరిగినవాళ్ల పనే. ఒక ఫొటో చెప్పినదాన్ని ఇంకొకటి కాదన్నచోట, ఏది నమ్మాలో మేమే తేల్చుకుని, ఎందుకు నమ్మామో పుస్తకంలో రాసిపెడతాం. ఈ పుస్తకం సంగతి చివర మళ్లీ చెబుతాను.

కొలతలు కుదిరాక కారును అసలు పరిమాణంలో గీసి, దాన్ని అడ్డంగా ముక్కలు చేసినట్టు ఒక్కొక్క కోతకు ఒక ప్లైవుడ్ పలక కోసి, వరుసగా నిలబెట్టి మూస తయారుచేస్తాం. ఈ మూసమీద రేకు వేసి బాదుతామని చాలామంది అనుకుంటారు. అలా చేయం. రేకును వేరేచోట మలచుకుని, మాటిమాటికీ తెచ్చి మూసమీద పెట్టి సరిచూసుకుంటాం. మూస అంటే మాకు కొలబద్ద మాత్రమే.

రేకు పని మొదలుపెట్టేది కాగితంతో. గుమ్మటంలా రెండు వైపులా వంగిన తలాన్ని చదునుగా విప్పలేమని మీరే చెప్పేవారు కదా. కాగితాన్ని మూసమీద పరిచి అదిమితే అంచుల్లో చీర కుచ్చిళ్లలా మడతలు పడతాయి. మడత పడినచోట లోహాన్ని కుదించాలి. కొన్నిచోట్ల కాగితాన్ని కత్తిరిస్తే తప్ప అది కూర్చోదు, కత్తిరించగానే నోరు తెరుచుకుంటుంది. అక్కడ లోహాన్ని సాగదీయాలి. ఈ గుర్తులన్నీ రేకుమీదికి ఎక్కించాకే సుత్తి ఎత్తుతాం. రేకు దాదాపు స్వచ్ఛమైన అల్యూమినియం, మందం ఒక మిల్లీమీటరున్నర పైచిలుకు. సాగదీయవలసినచోట ఇసుక నింపిన తోలు సంచిమీద పెట్టి కొయ్య సుత్తితో గుంట పెడతాం. గుంటలన్నీ పడ్డాక ఆ రేకు చూడడానికి పనికిరాని తుక్కులా ఉంటుంది. దాన్ని ఇంగ్లిష్ వీల్ అనే సాధనంలో, పైన చదును చక్రానికీ కింద కొంచెం ఉబ్బుగా ఉన్న చక్రానికీ నడుమ, ముందుకూ వెనక్కూ నడిపిస్తూ పోతే గుంటలు పోయి నునుపైన వంపు తేలుతుంది. ఒత్తిడి ఎక్కువైతే రేకు అవసరానికి మించి సాగుతుంది, సాగిన రేకును వెనక్కి రప్పించడం సాగదీయడంకంటే ఎంతో కష్టం. అందుకే మా మేస్త్రీ వీల్ దగ్గర ఎవరినీ తొందరపెట్టడు.

దెబ్బలు తిన్నకొద్దీ అల్యూమినియం గట్టిపడుతుంది. అప్పుడు కాక పెట్టి మెత్తబరచాలి. ఇనుములా ఇది ఎర్రబడి హెచ్చరించదు. 660 డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి కరిగి జారిపోతుంది. అందుకని ముందు ఎసిటిలిన్ మంటతో రేకుకు మసి పట్టిస్తారు. తరువాత ఆక్సిజన్ కలిపి మంటను శుభ్రం చేసి, రేకుమీద నిదానంగా తిప్పుతారు. మసి ఎక్కడికక్కడ ఆవిరైనట్టు మాయమైతే అక్కడికి కాక సరిపోయిందని లెక్క. దీపాలు తగ్గించి ఈ పని చేస్తుంటే నల్లని రేకుమీద మంట వెళ్లిన దారంతా వెండిలా తెల్లబడుతూ వస్తుంది. రోజూ చూస్తున్నా నాకింకా విసుగు పుట్టలేదు.

ఇక అట్లాంటిక్‌కు ప్రాణమైన విషయం దాని వెన్నెముక. ముందునుంచి తోకదాకా కారు నడినెత్తిన ఒక రేకు అంచు నిలువుగా లేచి ఉంటుంది, దానికి బారుగా రివెట్లు. మడ్‌గార్డుల మీదా అంతే. దీనికి కారణం ఏరోలిథ్. దాన్ని ఎలెక్ట్రాన్ అనే మెగ్నీషియం మిశ్రమంతో తలపెట్టారు. మెగ్నీషియం బరువు అల్యూమినియంలో మూడింట రెండు వంతులే అయినా తేలిగ్గా అంటుకుని భగ్గుమంటుంది, ఆనాటి పద్ధతులలో వెల్డింగుకు సులువుగా లొంగేది కాదు. అందుకని అంచులను బయటికి మడిచి, ఎదురెదురుగా చేర్చి రివెట్లు కొట్టారు. తరువాత వచ్చిన అట్లాంటిక్‌లకు అల్యూమినియమే వాడారు, దాన్ని హాయిగా వెల్డింగ్ చేయవచ్చు. అయినా ఆ అంచును తీసివేయలేదు. అవసరం తీరిపోయాక అందం కోసం నిలిచిందన్నమాట. నా మటుకు నాకు ఆ కారులో అన్నిటికంటే నచ్చినది ఈ మొండితనమే.

చూడడానికి సులువుగా కనిపించే ఆ అంచు మా పనిలో అన్నిటికంటే కఠినమైనది. పైకప్పు కుంభాకారంగా వంగి ఉంటుంది, అంచు దానికి బయటివైపు నిలుస్తుంది, కాబట్టి అంచు కొస ప్రయాణించే వ్యాసార్ధం ఎక్కువ, పొడవూ ఎక్కువ. అంటే మడిచిన తరువాత కొసను మాత్రమే సుత్తితో సాగదీస్తూ రావాలి. ఎక్కువ కొడితే కొస పలచబడి చీలుతుంది. తక్కువ కొడితే పైకప్పునే లోపలికి లాగి పల్లం చేస్తుంది. కుడి భాగానికీ ఎడమ భాగానికీ విడివిడిగా ఇలా చేసి, రెండూ వెంట్రుక సందు లేకుండా ఆనించి, తాత్కాలికపు పిన్నులు గుచ్చి, రివెట్లను మధ్యనుంచి మొదలుపెట్టి రెండు కొసలవైపూ కొడుతూ పోతాం. ఒక కొసనుంచి మొదలుపెడితే రేకు కొంచెం కొంచెంగా పాకుతూ పోయి, రెండో కొసకు చేరేసరికి రంధ్రాలు కలవవు.

అంచు లేనిచోట్ల అతుకులన్నీ గ్యాస్ వెల్డింగే. అతుకు శుభ్రంగా పట్టడానికి పూసే ఫ్లక్సు అనే మందు మంటలో వెలిగించే నారింజరంగు వెలుగులో కరిగిన లోహం కనిపించదు కనుక ఆ వెలుగును అడ్డుకునే ప్రత్యేకమైన కళ్లద్దాలు పెట్టుకుంటాం. పని అయ్యాక వేడినీళ్లతో కడిగి ఫ్లక్సును పూర్తిగా వదిలించకపోతే రంగు కిందనే రేకును తినేస్తుంది. తరువాత అతుకును సుత్తితో అణచి, ఆకురాయితో గీస్తే, ఎత్తు ఉన్నచోట మెరుస్తుంది, పల్లం ఉన్నచోట మెరవదు. పల్లాన్ని కిందనుంచి తట్టి లేపుతాం. లప్పం పెట్టి కప్పేయడం మా షెడ్డులో నిషిద్ధం. ఆఖరి తనిఖీ కంటితో కాదు. చేతికి పలచని నూలు తొడుగు వేసుకుని, అరచేతిని మడ్‌గార్డుమీద మెల్లగా జారవిడిస్తే, కన్ను పట్టలేని మిట్ట అక్కడ తగులుతుంది.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. ఆ కాలంలో చేత్తో కట్టిన కార్లలో కుడి పక్క, ఎడమ పక్క అచ్చంగా ఒకటిగా ఉండవు. కంప్యూటరులో సగం కారు గీసి, అద్దంలో తిప్పి రెండో సగం చేస్తే, ఎన్నడూ లేనంత సమంగా ఉన్న కారు వస్తుంది. అది చూడడానికి బాగానే ఉంటుంది కానీ, నాకది పెద్ద అబద్ధం అనిపిస్తుంది. అలాగని పాతదానిలా కనిపించాలని కావాలని వంకరలు పెట్టడం అంతకంటే పెద్ద అబద్ధం. మేము ఏ పక్కకు ఆ పక్క ఫొటోలో కనిపించినంతవరకు దాన్నే అనుసరిస్తాం. ఫొటో చెప్పనిచోట చెయ్యి ఎటు నడిపిస్తే అటు పోతాం, అది మా చేతి పని అని పుస్తకంలో రాసుకుంటాం. నేను ముందు చెప్పిన పుస్తకం ఇదే. ఏ వంపు ఆధారంతో వచ్చింది, ఏది ఊహతో వచ్చింది, ప్రతి రేకుకూ అందులో ఒక పుట ఉంటుంది, కారుతోపాటు యజమానికి వెళుతుంది. తలుపుల లోపలివైపు, పైకప్పు కిందివైపు, కట్టిన సంవత్సరాన్ని ఉక్కు అంకెల అచ్చులతో ముద్ర కొడతాం. తుడిస్తే పోయేది కాదు.

ఇంత చేసినా మోసం జరగదని నేను హామీ ఇవ్వలేను. కారు మరో రెండు చేతులు మారాక ఎవరైనా ఆ ముద్రలను అరగదీసి, పాత ఛాసిస్ నంబరు పలక ఒకటి తగిలించి అమ్మజూపవచ్చు. ఇలాంటివి ఈ రంగంలో జరగలేదని ఎవరూ అనరు. ఈ దేశంలో వయసును నిర్ధారించలేని బండ్లకు క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరు ఇచ్చే పద్ధతి ఉంది. ఆ అక్షరాన్ని చిన్నతనంగా భావించి, దాన్ని తప్పించుకోవడానికి నానా అవస్థలూ పడే యజమానులు ఉన్నారు. మాచేత ఈ కారు కట్టించుకుంటున్న యజమాని అలాంటివాడు కాడు. నకలును నకలనే చెప్పుకుంటాడు, ప్రదర్శనల్లో బోర్డు మీదా అలాగే రాయిస్తానన్నాడు. అలా ఒప్పుకోనివాళ్ల పని మా మేస్త్రీ తీసుకోడు కాబట్టే నేను ఇక్కడ చేరాను. రైలు గుద్దిన కారును తిరిగి నిలబెట్టినవాళ్లు కూడా ఇవే సుత్తులతో ఇదే పని చేసి ఉంటారు. దానికి అసలు ఛాసిస్ ఉంది, మాకు లేదు. తేడా అంతవరకే, అది చిన్న తేడా అని మాత్రం నేను అనను.

ప్రస్తుతం తలుపుల పని నడుస్తున్నది. అట్లాంటిక్ తలుపు పక్కగోడతో ఆగకుండా పైకప్పులోకి ఎక్కి, వెన్నెముక అంచుకు కొంచెం ఇవతల ఆగుతుంది. ఆ పై గీత రెండు వైపులా వంగిన తలంమీద నడుస్తుంది. దాన్ని పక్కనుంచి చూసినప్పుడు ఒకలా, పైనుంచి చూసినప్పుడు ఇంకొకలా కనబడుతుంది, రెండు ఫొటోలూ ఒకదానితో ఒకటి కలవడం లేదు. మీరు తలాల ఛేదనరేఖలు నేర్పేటప్పుడు సహాయక తలాలతో ఒక పద్ధతి చూపేవారు. అది ఇక్కడ పనికొస్తుందనిపిస్తున్నది కానీ, అడ్డు తలాలు తీసుకోవాలా నిలువు తలాలా అన్నది నాకు తేలడం లేదు. ఫొటోల నకళ్లు ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నాను, చక్రాల దీర్ఘవృత్తాలు వాటిమీద గీసి ఉంచాను. తీరిక చూసుకుని గీసి పంపండి.

అమ్మకు నా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు,
మీ అమ్మాయి