పాత ల్యాప్‌టాప్‌కు ఏ లినక్స్ వేసుకోవాలి: చిత్తూరులో ఉన్న కూతురికి ఉత్తరం

తిరుపతి

చిరంజీవి పాపకు నాయన ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరమూ క్షేమం. నీ ల్యాప్‌టాప్‌కు విండోస్ 11 ఎక్కదని, కొత్తది కొనుక్కోమని చిత్తూరులో అంగడివాళ్లు చెప్పారనీ, నువ్వు పనిచేసే బడిలో ఒక సారు విండోస్‌కు బదులు లినక్స్‌లో ఉబుంటు అనే రకం వేసుకోమంటే ఇంకొక సారు ఆర్చ్ అనే రకం తప్ప మిగతావేవీ లినక్సే కావని అంటున్నారనీ మొన్న ఫోనులో చెప్పావు. ఇటువంటి విషయం ఫోనులో చెబితే సగం గాలికి పోతుంది కాబట్టి, నిదానంగా చదువుకోవడానికి వీలుగా రాస్తున్నాను.

మొదట కొత్తది కొనే మాట పక్కన పెట్టు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు నిలిపివేసింది. సొంతానికి వాడుకుంటూ నమోదు చేసుకున్నవారికి భద్రతా అప్‌డేట్లను మరొక్క ఏడాది పొడిగించింది, అంతే. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచి, దానితోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలన్నది వాళ్ల నియమం. నీది ఏడో తరం. అంటే యంత్రం గీతకు ఇవతల ఆగిపోయిందే గానీ పాడైపోలేదు; 8 జీబీ ర్యామ్‌తో నీ పనికి ఇంకా చాలా ఏళ్లు వస్తుంది.

లినక్స్ అనేది నిజానికి 1991లో హెల్సింకీలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నల్ పేరు, అంటే యంత్రాన్ని లోపలి నుంచి నడిపించే మూల ప్రోగ్రాము. ఆ కెర్నల్ మీద డెస్క్‌టాప్, ఇన్‌స్టాలర్, ప్రోగ్రాములు దించుకునే రిపాజిటరీ, అప్‌డేట్లు ఎప్పుడు ఏ విధంగా ఇవ్వాలనే పద్ధతి, ఇవన్నీ కలిపి ఇచ్చేదాన్నే డిస్ట్రో అంటున్నారు. చాలామంది తెర మీద కనిపించే రూపం చూసి ఎంచుకుంటారు గానీ, రూపాన్ని ఏ డిస్ట్రోలోనైనా ఒక సాయంత్రంలో మార్చుకోవచ్చు. నువ్వు మార్చలేనిది ఆ చివరి అంశం, అప్‌డేట్ల పద్ధతి. ఏ డిస్ట్రో ఎన్నేళ్లపాటు నిన్ను కదిలించకుండా, భద్రతా లోపాలు మాత్రం సరిచేస్తూ పోతుందో అది చూసి ఎంచుకోమన్నదే నేను చెప్పదలచినది.

ఆ లెక్కన చూస్తే ఆర్చ్ నీకు కాదు. అందులో వెర్షన్లంటూ ఉండవు, ఏ ప్రోగ్రాముకైనా కొత్త ప్యాకేజీ సిద్ధమైనప్పుడల్లా వచ్చి చేరుతుంది. అప్‌డేట్ చేసే ముందు తమ ప్రకటనలు చదువుకోమని ఆర్చ్ వాళ్లే చెబుతారు. ఆ సారుకు అదొక సరదా కావచ్చు, తప్పేమీ లేదు, కానీ పొద్దున్నే ప్రశ్నపత్రం ఇవ్వవలసినవాళ్లకు రాత్రి పదకొండు గంటలకు ఆ సరదా అక్కరలేదు. ఫెడోరా మంచిదే, అయితే ఆరు నెలలకొకసారి కొత్త వెర్షన్ వస్తుంది, ఒక్కో వెర్షన్‌కు సుమారు పదమూడు నెలలే ఆయుష్షు. కొత్తగా మార్కెట్లోకి వచ్చిన హార్డ్‌వేర్ కొన్నవాళ్లకు అది ఉపయోగం. 1993లో మొదలైన డెబియన్ నిలకడకు పెట్టింది పేరు, నాకు దానిమీద గౌరవం ఎక్కువ. పూర్వం వైఫై పరికరం పనిచేయడానికి కావలసిన ఫర్మ్‌వేర్ విడిగా తెచ్చిపెట్టుకోవలసి వచ్చేది, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి అది ఇన్‌స్టాలర్‌లోనే ఉంటున్నది. అయినా మొదటిసారి వేసుకునేవాళ్లకు అది కొన్ని సంగతులు చెప్పకుండా వదిలేస్తుంది.

మిగిలినవి ఉబుంటు, దాని నుంచి పుట్టిన మింట్. ఉబుంటు 2004లో డెబియన్ ఆధారంగా వచ్చింది. రెండేళ్లకొకసారి ఏప్రిల్‌లో వచ్చే ఎల్‌టీఎస్, అంటే దీర్ఘకాల మద్దతు వెర్షన్‌కు ఐదేళ్ల మద్దతు ఉంటుంది. నువ్వు ఉబుంటు వేసుకున్నా నేను కాదనను. కానీ దాని గ్నోమ్ డెస్క్‌టాప్ విండోస్ అలవాటుకు భిన్నంగా ఉంటుంది, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌ను స్నాప్ అనే ప్యాకేజీ రూపంలో ఇవ్వడం వల్ల పాత హార్డ్ డిస్కు మీద మొదటిసారి తెరుచుకోవడం ఆలస్యమవుతుంది. లినక్స్ మింట్‌లో సినమన్ డెస్క్‌టాప్ కింద పట్టీ, ఎడమ మూల మెనూతో నీకు తెలిసిన ఇల్లులాగే ఉంటుంది, ఉబుంటు 24.04 మీద కట్టిన 22వ వరుసకు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. మన అంగట్లో బిల్లులకూ జెరాక్సుకూ వాడే కంప్యూటర్‌లో ఉన్నది అదే. కాబట్టి నా మాట మింట్ సినమన్.

డిస్ట్రో కన్నా ముందు చేయవలసిన పని ఇంకొకటుంది. నీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది తిరిగే హార్డ్ డిస్కు. దాన్ని తీసి, తిరిగే భాగాలు లేని సాటా ఎస్‌ఎస్‌డీ వేయిస్తే వచ్చే వేగం ఏ డిస్ట్రో మార్చినా రాదు. పాత డిస్కును తుడిచివేయకుండా అలాగే దాచిపెట్టు. అందులో విండోస్, నీ ఫైళ్లు చెక్కుచెదరకుండా ఉంటాయి, ఏదైనా కావాలంటే యూఎస్‌బీ కేసులో పెట్టి తీసుకోవచ్చు.

ఎక్కించే ముందు పెన్‌డ్రైవ్ నుంచే మింట్‌ను నడిపి చూడు. మా దగ్గర పని చేసే పిల్లవాడు ఒకడున్నాడు, తెర మీద బొమ్మ కనిపించగానే ఇన్‌స్టాల్ నొక్కేస్తాడు. నువ్వు అలా చేయకు. వైఫైకి కలిపి చూడు, ఒక పాట విను, వెలుతురు తగ్గించి పెంచు, మూత వేసి ఐదు నిమిషాల తర్వాత తెరిస్తే లేస్తుందో లేదో గమనించు, బడిలోని ప్రొజెక్టర్‌కు తగిలించు, ప్రింటర్‌కు ఒక కాగితం పంపు. కొత్త ప్రింటర్లు చాలావరకు డ్రైవర్ అడగకుండానే పనిచేస్తాయి గానీ, మన అంగట్లో ఉన్న పాత లేజర్ ప్రింటర్ మాత్రం విండోస్‌కే అలవాటు పడింది, లినక్స్ కంప్యూటర్ నుంచి దానికి పీడీఎఫ్ మోసుకుపోవడమే దారి. మీ బడి ప్రింటర్ ఏ జాతిదో ఇన్‌స్టాల్ చేయకముందే తెలుసుకోవడం మంచిది.

ఇక తెలుగు. నీకు అసలు ఇబ్బంది ఇక్కడే వస్తుంది, డిస్ట్రో దగ్గర కాదు. అంగట్లో కూర్చుని నువ్వు నేర్చుకున్నది పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టడం. ఆ పద్ధతిలో ఫైల్లో దాగి ఉండేది తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చిన బొమ్మలు. ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే పిచ్చి గీతలు కనబడడం అందుకే. పెళ్లి పత్రికలకు ఇంకా ఆ లెక్కే నడుస్తున్నది కనుక నేను ఒక విండోస్ కంప్యూటర్‌ను ఇంటర్నెట్ తీసేసి మరీ ఉంచుకున్నాను. నీకు ఆ అవసరం లేదు, ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉండే యూనికోడ్‌కు వచ్చెయ్యి. మింట్‌లో ఇన్‌పుట్ మెథడ్ సెట్టింగుల్లో ఐబస్ అనే టైపింగు సాధనం, దానికి ఎం17ఎన్ ప్యాకేజీ కలుపుకుంటే తెలుగు కీబోర్డులు వరుసగా కనిపిస్తాయి. భారతీయ భాషలకు ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ ఉంటుంది, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్ ఉంటుంది, నీ వేళ్లకు అలవాటైన యాపిల్ కీబోర్డు కూడా ఉంటుంది. ఓపిక ఉంటే ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకో. ‘స్త్రీ’ అని రావాలంటే సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం వరుసగా కొడితే చాలు, ఒత్తులను ఎక్కడ తగిలించాలో ఫాంటే చూసుకుంటుంది. వర్డ్ లాంటి లిబ్రేఆఫీస్‌లో మండలి, రామభద్ర వంటి ఉచిత ఫాంట్లతో ప్రశ్నపత్రం ముచ్చటగా వస్తుంది. హెడ్‌మాస్టరుగారికి పంపేటప్పుడు మాత్రం పీడీఎఫ్ చేసి పంపు, వాళ్ల వర్డ్‌లో తెరిస్తే ఫాంట్ల తేడా వల్ల పంక్తులు అటూఇటూ జరుగుతాయి.

వాడకంలో చెప్పవలసినది తక్కువే. అప్‌డేట్ మేనేజర్ డాలు గుర్తు చూపినప్పుడు కాదనకుండా చెయ్యి. అంతకు ముందే టైమ్‌షిఫ్ట్ ఏర్పాటు చేసుకుంటే, ఏదైనా అప్‌డేట్ తేడా చేసినప్పుడు సిస్టమ్‌ను ముందు రోజుకు తీసుకుపోవచ్చు. అయితే అది మామూలుగా నీ సొంత ఫైళ్లను దాచదు, వాటికి వేరే కాపీ ఉండవలసిందే. ప్రోగ్రాములను సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచే దించుకో. సుడో అని మొదలయ్యే కమాండుకు సిస్టమ్ మీద పూర్తి అధికారం ఉంటుంది, దాన్ని ఎక్కడి నుంచో తెచ్చి అర్థం తెలియకుండా అతికించకు. కెమెరా ముందు రాయించే కొన్ని ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్ లినక్స్ మీద నడవదు. అటువంటిది వస్తే ఎవరిదైనా విండోస్ యంత్రం అడిగి తీసుకో, దానికోసం నీ దాన్ని మార్చవద్దు.

మింట్ ఎక్కించిన పెన్‌డ్రైవ్, ఎస్‌ఎస్‌డీ వచ్చే వారం అమ్మ అటువైపు వచ్చేటప్పుడు ఇచ్చి పంపుతాను. అను ఫాంట్లలో ఉన్న నీ పాత ప్రశ్నపత్రాలను ఆమె చేతికి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వు, ఇక్కడ యూనికోడ్‌లోకి మార్చి పెడతాను. మార్పిడిలో అక్కడక్కడ ఒత్తులు, అంకెలు తప్పిపోతుంటాయి కాబట్టి, పిల్లలకు ఇచ్చే ముందు ప్రతి పేపరునూ నువ్వొకసారి చదివి సరిచూసుకోవాలి.

ఇట్లు,
నీ నాయన