చదివి వినిపించినందుకు బదులు

చిరంజీవి చిట్టితల్లికి, అమ్మ ఆశీర్వదించి రాయునది.

హాస్టల్లో నీ గదిలో ఉండే అమ్మాయికి చూపు లేదనీ, రోజూ రాత్రి ఆమెకు పాఠాలు చదివి వినిపిస్తున్నావనీ ఫోనులో చెప్పినప్పుడు నా మనసు నిండిపోయింది. కానీ బదులుగా నీకు లెక్కలు నేర్పుతానని ఆమె అంటే, "ఇందులో బదులేముంది, వద్దు" అన్నావట. ఆ ఒక్కటి నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో చెప్పాలంటే ఒక ఐర్లండ్ రచయిత్రి సంగతి చెప్పాలి. ఫోనులో అయ్యే పని కాదు కాబట్టి ఇలా కూర్చుని రాస్తున్నాను.

ఆమె పేరు ఫ్రాన్సెస్ బ్రౌన్. 1816లో డోనెగల్ ప్రాంతంలోని స్ట్రానోర్లర్ అనే ఊళ్లో పుట్టింది. తండ్రి ఆ ఊరి పోస్టుమాస్టరు. పన్నెండుమంది పిల్లల్లో ఈమె ఏడవది. ఏడాదిన్నర వయసులో మశూచి వచ్చి చూపు పోయింది. చూపులేనివాళ్లు తడిమి చదువుకునే చుక్కల లిపిని లూయీ బ్రెయిల్ పారిస్‌లో ప్రకటించింది 1829లో. అప్పటికే ఈమెకు పదమూడేళ్లు. చేత్తో తడిమి చదువుకునే దారి లేని ఆ పిల్ల, మిగతా పిల్లలు సాయంత్రాలు పైకి వల్లె వేసే పాఠాలు విని కంఠతా పట్టేసింది.

అంతటితో ఆమెకు ఆకలి తీరలేదు. రాబిన్సన్ క్రూసో కథ కావాలి, మంగో పార్క్ అనే యాత్రికుడి ఆఫ్రికా ప్రయాణాలు కావాలి, ఇంగ్లండ్ చరిత్ర కావాలి. చదివి వినిపించే తీరిక ఎవరికుంటుంది? అందుకని అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ అప్పగించిన ఇంటిపనులు తాను చేసిపెట్టి, దానికి బదులుగా వాళ్లచేత పుస్తకాలు చదివించుకునేది. చిట్టితల్లీ, ఆ ఏర్పాటు ఎంత గొప్పదో చూడు. జాలిపడి చదివేవాళ్లను "ఇంకొక్క పేజీ" అని అడగడానికి నోరు రాదు. వాళ్లు విసుక్కుంటే మాట్లాడకుండా ఊరుకోవాలి. పని చేసిపెట్టిన మనిషికి ఆ మొహమాటం ఉండదు. అర్థం కాకపోతే మళ్లీ చదవమంటుంది, తనకు కావలసిన పుస్తకమే చదవమంటుంది. నువ్వు "బదులు వద్దు" అన్న రోజున ఆ అమ్మాయి చేతిలోంచి జారిపోయింది అదే.

ఫ్రాన్సెస్ చిన్నప్పటినుంచే కవితలు అల్లేది. ఇలియడ్ అనే గ్రీకు మహాకావ్యం ఇంగ్లీషు అనువాదం విన్నాక తన కవితలు తనకే చప్పగా అనిపించి కాల్చేసిందట. కొన్నేళ్లకు మళ్లీ మొదలుపెట్టింది, పత్రికల్లో అచ్చయ్యాయి, 1844లో మొదటి కవితాసంపుటి వచ్చింది. ప్రభుత్వం ఏడాదికి 20 పౌండ్ల భృతి ఇచ్చింది. ఐర్లండ్ కరవుతో అల్లాడుతున్న 1847లో అక్కచెల్లెళ్లలో ఒకరిని తోడు తీసుకుని స్కాట్లండ్‌లోని ఎడింబరో వెళ్లింది, 1852లో లండన్ చేరింది. ఈమె చెబుతుంటే ఆ తోబుట్టువు రాసేది. వాళ్ల జీవనాధారం ఆ రాతలే.

లోకం ఆమెను "అంధ కవయిత్రి" అంటూ మెచ్చుకుంది. నాకు ఆ మెప్పు రుచించదు. నన్నడిగితే ఆమె కవితలకన్నా కథలే వెయ్యి రెట్లు మేలు. 1856 చివర్లో వచ్చిన 'గ్రానీస్ వండర్‌ఫుల్ చైర్' అనే పిల్లల పుస్తకం నేను ఈమధ్యే చదివాను. స్నోఫ్లవర్ అనే పేదపిల్లను అమ్మమ్మ ఒక కుర్చీ దగ్గర వదిలి ఊరికి వెళుతుంది. ఇంట్లో తిండి అయిపోతే ఆ కుర్చీయే పిల్లను ఎక్కించుకుని రాజుగారి విందుకు తీసుకుపోతుంది. మెత్త మీద తల ఆనించి కథ చెప్పమంటే చాలు, లోపలినుంచి ఒక గొంతు కథ మొదలుపెడుతుంది. చెప్పే మనిషి ఎక్కడా కనిపించదు. స్ట్రానోర్లర్‌లో ఆ పిల్లకు కథలన్నీ అందింది ఇలాగే కదా!

అందులో ఫెయిరీఫుట్ కథ నీకు తప్పక నచ్చుతుంది. ఆ రాజ్యంలో పాదం ఎంత పెద్దదైతే అంత గొప్ప. చిన్న పాదాలతో పుట్టిన రాజకుమారుణ్ణి తలవంపులుగా భావించి గొర్రెల కాపరుల దగ్గరకు పంపేస్తారు. ఇంకో రాజ్యంలో చిన్న పాదాలే అందం. అక్కడి రాకుమారి పాదాలు ఉన్నట్టుండి పెద్దవైపోయి ఆమె కుమిలిపోతుంటుంది. పాదాలను చిన్నవి చేసే ఊట ఒకటి, పెద్దవి చేసే బావి ఒకటి ఆ కథలో ఉన్నాయి. పెళ్లయ్యాక ఆ ఇద్దరూ అబ్బాయి పుట్టింటికి వెళ్లేటప్పుడు బావిలో పాదాలు కడుక్కుని పెద్దవి చేసుకుంటారు! లోపం మనిషిలో ఉందా, ఊళ్లో ఉందా అన్నది ఇంత సరదాగా చెప్పిన కథ నేను ఇంకొకటి చదవలేదు.

ఫ్రాన్సెస్ హాడ్జ్‌సన్ బర్నెట్ అనే మరో రచయిత్రి చిన్నప్పుడు ఈ పుస్తకం చదివి, పోగొట్టుకుంది. ఎంత వెతికినా దొరకలేదు. 1887లో ఆ కథలను జ్ఞాపకం మీదనే తిరిగి చెబుతూ ఒక పిల్లల పత్రికలో రాసింది. వాటి అసలు రచయిత్రి 1879లోనే లండన్ శివారు రిచ్‌మండ్‌లో కన్నుమూసింది.

ఇక నీ పని సంగతి. ఫోను చదివి వినిపించే సౌకర్యం ఉన్నా, ఫొటో తీసిన నోట్సు దగ్గరా, పట్టికల దగ్గరా, పటాల దగ్గరా అది తడబడుతుంది. నీ గొంతు అవసరమయ్యేది అక్కడే. పట్టికను అడ్డంగా చదవాలో నిలువుగా చదవాలో ముందే ఆమెను అడుగు. నీకు అనవసరం అనిపించిన పేరా దాటేయకు, ఏది అవసరమో ఆమె చెబుతుంది. అలసిపోతే అలసిపోయానని చెప్పు, ఆమె కోసం ఓర్చుకుంటున్నట్టు కూర్చోకు. రేపే వెళ్లి లెక్కలు నేర్పమని నువ్వే అడుగు. కలనగణితంలో నీకు వచ్చిన మార్కులు నాకు తెలుసు కదా, నీకు నిజంగానే ఆ సాయం కావాలి.

దసరా సెలవులకు ఆమెను కూడా మనింటికి తీసుకురా. ఏమి తింటుందో, ఏది గిట్టదో ముందుగా రాయి.

ఆశీస్సులతో,
అమ్మ