కాలేయ దాతలకు సగం మాటే చెప్పకండి

సంపాదకుల గారికి,

నమస్కారం. కాలేయ దానం గురించి పత్రికల్లో వార్త వచ్చినప్పుడల్లా “కోసిన భాగం కొన్ని వారాల్లో మళ్లీ పెరుగుతుంది, దాతకు ఏ ఇబ్బందీ ఉండదు” అని రాస్తున్నారు. లివర్ సర్జరీ వార్డులో నర్సుగా పనిచేస్తున్న నాకు ఆ మాట ఇళ్లల్లో ఎలా పనిచేస్తుందో తెలుసు. “మళ్లీ పెరిగేదేగా, ఇవ్వడానికి నీకేం?” అని దాతను అడగడానికి అదే ఆధారం అవుతోంది.

నిజానికి కోసిన భాగం మళ్లీ రాదు. కుడి లోబ్, అంటే కాలేయపు కుడి భాగం, తీస్తే ఆ చోట ఇంకో కుడి లోబ్ పుట్టదు. మిగిలిన ఎడమ భాగమే పెద్దదై మొత్తం పనిని అందుకుంటుంది. ఆకారం మారిపోతుంది, బరువు మాత్రం క్రమంగా పాత స్థాయికి దగ్గరవుతుంది. అది జరిగే తీరు ఎన్నిసార్లు చదివినా నాకు ఆశ్చర్యమే. పేగుల నుంచి పోర్టల్ సిర తెచ్చే రక్తమంతా ఇప్పుడు ఆ చిన్న భాగంలోంచే వెళ్లాలి. ఆ ఒత్తిడికి, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి రసాయన సంకేతాలకు, మామూలుగా విభజన జోలికే పోని కాలేయ కణాలు గంటల్లోనే మేలుకుంటాయి. తర్వాత హెచ్‌జీఎఫ్ అనే వృద్ధి కారకం వాటిని విభజనకు పురికొల్పుతుంది. శరీరానికి సరిపడా పెరిగాక ఆ పెరుగుదల దానంతటదే ఆగిపోతుంది.

హిగ్గిన్స్, ఆండర్సన్ అనే పరిశోధకులు 1931లో ఎలుకల కాలేయంలో మూడింట రెండు వంతులు తీసేసి ఈ పెరుగుదలను గమనించారు. వారం పది రోజుల్లో పెరిగిపోతుందని కొందరు చెప్పే లెక్క ఆ ఎలుకలది. మనిషిలో మొదటి వారాల్లో జోరుగా పెరిగి తర్వాత నెమ్మదిస్తుంది. నెలలు పడుతుంది. ఏడాది గడిచినా కొందరిలో పాత కొలతకు పూర్తిగా చేరదు. పైగా ఇదంతా ఆరోగ్యంగా ఉన్న కాలేయం సంగతి. కొవ్వు బాగా పట్టినా, సిర్రోసిస్‌తో గట్టిపడినా ఆ శక్తి తగ్గిపోతుంది. కాలేయం ఎలాగూ పెరుగుతుందిలే అని మద్యం మానని వాళ్లకూ ఈ సంగతి తెలియాలి.

ఆపరేషన్ అయిన మూడో రోజు దాత మంచం దగ్గర నిలబడితే వార్తలో రాయని సగం కనిపిస్తుంది. దగ్గు వస్తే కుట్లు లాగకుండా కడుపుకి దిండు అదుముకోవాలి. కడుపులోంచి ద్రవాలు బయటికి తెచ్చే డ్రెయిన్ గొట్టంలోకి పైత్యరసం లీకై వస్తోందా అని మేం పూటపూటా చూస్తాం. కాలేయం పనితీరు తెలిపే బిలిరుబిన్, రక్తం గడ్డకట్టే తీరు తెలిపే ఐఎన్ఆర్ రిపోర్టులు వచ్చేదాకా టెన్షనే. తమ్ముడికి దానం చేసిన ఒకావిడ “వారంలో పెరిగిపోతుందన్నారు కదా సిస్టర్, లేచి నిలబడలేకపోతున్నానేంటి?” అని అడిగింది. తనలో ఏదో లోపం ఉందని ఆమె భయం. అంత నీరసం మామూలేనని ఆమెకు ముందే ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది.

ప్రాణాపాయం అరుదే, కానీ లేకపోలేదు. కుడి లోబ్ ఇచ్చేవాళ్లలో వెయ్యికి ఇద్దరి నుంచి ఐదుగురి దాకా చనిపోవచ్చని వైద్యుల అంచనా. కాలేయం పెరిగింది కదా అని రెండోసారి ఇవ్వడమూ కుదరదు.

నేను దానానికి వ్యతిరేకిని కాను. తండ్రికో బిడ్డకో ప్రాణం పోసి నడిచి వెళ్లిన దాతలను చూస్తే గర్వంగా ఉంటుంది. నేను కోరేది వాళ్లు అన్నీ తెలుసుకుని ఒప్పుకోవాలనే. రోగిని చూసే బృందంతో సంబంధం లేని డాక్టరు ఒకరు దాతతో విడిగా, ఇంట్లోవాళ్లు పక్కన లేకుండా మాట్లాడాలి. వద్దనుకుంటే అసలు కారణం బయటపెట్టకుండా “వైద్యపరంగా సరిపోలేదు” అని మాత్రమే కుటుంబానికి చెప్పే పద్ధతి ఉంది. ఆ సంగతి దాతకు మొదటి రోజే చెప్పాలి. డిశ్చార్జితో వదిలేయకుండా ప్రతి దాత ఆరోగ్యాన్నీ ఏళ్ల తరబడి నమోదు చేయాలి.

మీ పత్రికకు ఒక విన్నపం. ఆపరేషన్ విజయవంతమైన రోజున డాక్టర్లతో ఫొటో వేస్తున్నారు. ఏడాది తర్వాత ఆ దాత దగ్గరికి కూడా మీ విలేకరిని పంపండి.

ఇట్లు,
లివర్ సర్జరీ వార్డు నర్సు ఒకరు