ఒరేయ్ డాక్టరూ, ఆ కనెక్షన్ నన్ను వదలట్లేదురా

ఒరేయ్ డాక్టరూ,

నీ ఉత్తరం ఇంకా నా బల్ల మీదే ఉంది. జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు, తిట్టుకో, న్యాయమే. ఇల్లు మారాం, సగం పెట్టెలు ఇంకా విప్పలేదు, అందరం బాగున్నాం, అమ్మకి మోకాలు నొప్పి తగ్గింది, పెద్దవాడు పరీక్షలు ‘బాగానే’ రాశాట్ట (ఆ బాగానే అంటే ఏంటో నీకు వేరే చెప్పాలా, మన గళ్ళచొక్కా మాస్టారి లెక్కే). క్షేమసమాచారం అయిపోయింది. ఇక అసలు సంగతి. ఇది ఎవరికో ఒకరికి పూర్తిగా చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. మా ఆవిడేమో ఆ రూటర్ మాట ఇక తన దగ్గర ఎత్తొద్దంది. కాబట్టి దొరికింది నువ్వు.

పాత ఇంట్లో ఇంటర్నెట్ ఉండేది కదా. ఇల్లు మారేముందే బుద్ధిమంతుడిలా వాళ్ళకి ఫోన్ చేసి, కనెక్షన్ కొత్త ఇంటికి మార్చమని అడిగా. చూసి చెప్తామన్నారు, చూశారు, ఆ వీధిలో మా లైన్ లేదు సార్, ఫీజిబుల్ కాదు అన్నారు. మంచిదే. వాళ్ళ నోటితో వాళ్ళే చెప్పాక ఇక తీసేయించుకోవడం ఎంతసేపు అనుకున్నా. నవ్వకు.

ముందు యాప్ తెరిచా. ప్లాన్ పెంచుకోవడానికి మొదటి పేజీలోనే బటన్, వేలు అటు వెళ్తే చాలు పెరిగిపోతుంది. ఓటీటీ కలుపుకోవడానికి ఇంకో బటన్. తెలిసినవాళ్ళని చేర్పిస్తే బహుమతి అని మరొకటి, అది ఎగురుతూ కూడా ఉంది. తీసేయించుకోవడానికి మాత్రం సెట్టింగ్స్‌లో లేదు, బిల్లింగ్‌లో లేదు, ‘నా ఖాతా’లో లేదు. వెతగ్గా వెతగ్గా హెల్ప్‌లో, తరచుగా అడిగే ప్రశ్నలన్నీ దాటాక, అట్టడుగున బూడిదరంగు అక్షరాల్లో ‘మమ్మల్ని వదిలి వెళ్తున్నారా?’ అని ఒక లైను కనిపించింది. పక్కన ఏడుపు మొహం బొమ్మ. నొక్కితే నేను కోల్పోయే లాభాల జాబితా వచ్చింది, అందులో సగం ఉన్నాయని నాకు అప్పటిదాకా తెలియదు. కింద ఆకుపచ్చగా మెరుస్తూ ‘ఉండిపోతాను’ అని పెద్ద బటన్, దాని కింద కళ్ళజోడు పెట్టుకుంటేగానీ కనపడని అక్షరాల్లో ‘వద్దు, ఈ లాభాలన్నీ వదులుకుంటాను’. వదులుకున్నా. కారణం ఎంచుకోమంది. ‘ఇల్లు మారాను’ అన్నా. షిఫ్టింగ్ ఉచితం అంటూ ఇంకో పేజీకి తీసుకెళ్ళింది. అక్కడ కొత్త అడ్రసు కొడితే ‘మీ ప్రాంతంలో మా సేవలు ఇంకా ప్రారంభం కాలేదు’ అంది. వెనక్కి నొక్కితే మళ్ళీ మొదటి పేజీ, మళ్ళీ ఆ ఎగిరే బహుమతి.

చాట్ సంగతి చెప్పను, అదొక మొద్దు. కనెక్షన్ తీసేయాలి అంటే నా ప్లాన్ వివరాలు చూపించింది, మనిషితో మాట్లాడాలి అంటే సంతోషం, మీకు ఎలా సహాయపడగలను అంది.

ఇక ఫోన్. కొత్త కనెక్షన్ కోసం ఒకటి, బిల్లు కోసం రెండు, నెట్ రాకపోతే మూడు... నాకు కావాల్సిన అంకె లేనే లేదు. విసుగెత్తి ఒకటి నొక్కా చూడు, రెప్పపాటులో మనిషి! ఎంత మర్యాద, ఎంత ఉత్సాహం. తీసేయించుకోవాలండీ అనగానే ఆ ఉత్సాహమంతా దిగిపోయి, సంబంధిత విభాగానికి కలుపుతున్నాను సార్ అన్నాడు. ఆ విభాగం పేరు రిటెన్షన్. నీకు తెలుసో లేదో, వాళ్ళ పని కనెక్షన్ తీసేయడం కాదు, తీసేయకుండా ఆపడం. ఆపితేనే వాళ్ళకి ఇన్సెంటివ్. తీసేయమని వెళ్ళినవాణ్ణి తీసుకెళ్ళి తీసేయకపోవడమే ఉద్యోగమైన మనిషి చేతుల్లో పెడతారన్నమాట, ఎంత బుర్ర ఉండాలిరా ఇది కనిపెట్టడానికి!

చాలాసేపు పాట విన్నాక ఒకమ్మాయి ఎత్తింది. ఇది మాత్రం మాటకి మాట రాస్తా.

“మా సర్వీసులో ఏమైనా ఇబ్బంది కలిగిందా సార్?”

“ఏం లేదమ్మా. ఇల్లు మారాం. కొత్త ఇంటి దగ్గర మీ లైన్ లేదని మీవాళ్ళే చెప్పారు.”

“అర్థమైంది సార్. మీరు మా పాత కస్టమర్ కాబట్టి అదే రేటుకి స్పీడ్ డబుల్ చేస్తాను.”

“ఎక్కడ డబుల్ చేస్తావమ్మా? అక్కడ వైరే లేదు.”

“అదనపు చార్జీలు ఏమీ ఉండవు సార్.”

“వైరు లేదు.”

“అలాగే సార్. పాత ఇంట్లో ఎవరైనా ఉంటున్నారా? వాళ్ళు వాడుకోవచ్చు కదా సార్.”

“తాళం వేసి ఉందమ్మా.”

“అయితే సేఫ్ కస్టడీలో పెడతాను సార్. నెలకి కొద్దిగా కడితే చాలు, మీ కనెక్షన్ మీ పేరు మీదే భద్రంగా ఉంటుంది.”

ఖాళీ ఇంట్లో వాడని నెట్‌ని భద్రంగా దాచడానికి నేను నెలనెలా డబ్బు కట్టాలట! నాకు కోపం రావాలి కదా, నవ్వొచ్చేసింది, మనం లిఫ్ట్‌లో ఇరుక్కున్న రోజు వచ్చినట్టు, ఆపుకోలేక. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఒక్క నిమిషం సార్ అని హోల్డ్‌లో పెట్టింది.

ఆ ఒక్క నిమిషంలో నేను చదివినదంతా నీకు చెప్పాలి. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఇది ప్రపంచంలో నా ఒక్కడి గోలేనా అని వెతికా. 2014లో అమెరికాలో ఒకాయన ఇలాగే ఇంటి ఇంటర్నెట్ తీసేయమని కామ్‌కాస్ట్ వాళ్ళకి ఫోన్ చేస్తే, అవతలి మనిషి ఎందుకు, ఎందుకు, మా నెట్ కన్నా మంచిది ఎక్కడుంది అని వదలకుండా పట్టుకున్నాడట. ఈయన అందులో చివరి ఎనిమిది నిమిషాలు రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెడితే లోకమంతా విని, కంపెనీ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ రికార్డింగ్‌లో ఆయన ఒక్కసారి కూడా గొంతు పెంచడు, వింటే నీకే కోపం వస్తుంది. జర్మనీలో అయితే 2022 జులై 1 నుంచి చట్టమే ఉంది. వెబ్‌సైట్‌లో చేర్చుకునేవాడు అదే వెబ్‌సైట్‌లో రద్దు చేసుకునే బటన్ కూడా పెట్టాలి, సులువుగా కనపడేలా. పెట్టకపోతే కస్టమరు ఏ నోటీసూ లేకుండా ఎప్పుడైనా ఒప్పందం తెంచుకోవచ్చు. అది దెబ్బంటే! అమెరికావాళ్ళు కూడా చేరడం ఎంత సులువో మానుకోవడమూ అంతే సులువుగా ఉండాలని 2024 అక్టోబర్‌లో ఒక రూలు ఖాయం చేశారు. అది పూర్తిగా అమల్లోకి రావడానికి కొద్దిరోజుల ముందు, 2025 జులైలో, రూలు చేసిన పద్ధతి సరిగ్గా లేదని అప్పీల్ కోర్టు కొట్టేసింది. రూలు తప్పని కాదు, దాన్ని తయారుచేసేటప్పుడు చేయాల్సిన ఒక లెక్క చేయలేదని! ఇండియాలో 2023 నవంబర్ 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (అంటే యాప్‌ల్లో, వెబ్‌సైట్లలో మనల్ని ఏమార్చే ఎత్తులు) మార్గదర్శకాల్లో 13 రకాల మాయలు రాశారు, అందులో సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ ఒకటి, చేరినవాణ్ణి బయటపడనివ్వకపోవడం. నా ఏడుపు మొహం బొమ్మకి, ఆ ‘ఈ లాభాలన్నీ వదులుకుంటాను’ అనే మాటకి కూడా అందులో వేరే పేరుందిరా, మనిషికి సిగ్గేసేలా చేసి ఆపడం. చదువుతుంటే ఎవరో నా భుజం మీంచి చూసి రాసినట్టుంది.

సరే, ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఈసారి నేను గట్టిగానే అన్నా, అమ్మా, నువ్వు ఏమిచ్చినా నాకు వద్దు, ఊరికే ఇచ్చినా వద్దు అని. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, “క్లోజ్ అని నేను నొక్కితే నా పేరు మీద పడుతుంది సార్, ఇవాళ ఇప్పటికే ఎక్కువైపోయాయి” అంది. ఏమనాలిరా? అప్పటిదాకా మనసులో దాచుకున్న తిట్లన్నీ ఎటు పోయాయో. ఆ తిట్లు తినాల్సినవాడు ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని ఆ ఏడుపు మొహం ఏ రంగులో ఉండాలో నిర్ణయిస్తూ ఉంటాడు, వాడికి ఫోన్ నంబర్ ఉండదు. చివరికి నొక్కింది పాపం. టికెట్ నంబర్ ఇచ్చింది. నేను ఆ అమ్మాయికి థాంక్స్ కూడా చెప్పా, నమ్ముతావా?

కథ అయిపోయిందనుకున్నావా. మర్నాడు మెసేజ్: ‘మీ అభ్యర్థన పరిష్కరించబడింది. మాతో కొనసాగుతున్నందుకు ధన్యవాదాలు.’

మళ్ళీ ఫోన్, మళ్ళీ పాట. ఇప్పుడు తేలింది ఏంటంటే, వాళ్ళ రూటర్ వాళ్ళకి చేరేదాకా క్లోజర్ అవ్వదట, పికప్ జరగలేదు కాబట్టి టికెట్ దానంతటదే మూసుకుందట. తీసుకెళ్ళండి మహాప్రభో, ఇక్కడే ఉంది అన్నా. అడ్రసు అడిగాడు, చెప్పా. టకటకా కొట్టి, “సారీ సార్, ఆ అడ్రసు మా సర్వీస్ ఏరియాలో లేదు, పికప్ కుదరదు” అన్నాడు!

ఒరేయ్, అర్థమైందా? వాళ్ళ లైన్ లేదని నేను మానేస్తున్నా. వాళ్ళ లైన్ లేదు కాబట్టి నన్ను మాననివ్వట్లేదు.

చివరికి రూటర్ సంచిలో పెట్టుకుని పాత ఇంటికి వెళ్ళా. తాళం వేసిన మన ఇంటి మెట్ల మీద కూర్చుని ఎదురుచూశా, అటూ ఇటూ పోయేవాళ్ళు పలకరిస్తున్నారు, మళ్ళీ వచ్చేశారా అని. టెక్నీషియన్ వచ్చాడు, మంచి కుర్రాడే. అన్నీ బయటపెట్టమన్నాడు: రూటర్, అడాప్టర్, ఆకుపచ్చ మూతి ఉన్న ఆ సన్నటి పసుప్పచ్చ వైరు కూడా. రూటర్ తిరగేసి, అడుగున స్టిక్కర్ మీద సీరియల్ నంబర్ తన ఫోన్‌తో పోల్చి, “ఇది మాది కాదు సార్” అన్నాడు.

నాకు మాట పడిపోయింది. ఆనక గుర్తొచ్చింది, పోయిన వానాకాలం పిడుగు పడి పాతది కాలిపోతే వాళ్ళే వచ్చి ఇది పెట్టి వెళ్ళారు. పెట్టారుగానీ కంప్యూటర్‌లో మార్చలేదు. ఇది మాది కాదంటాడు వాడు, మాది అసలే కాదంటాను నేను, పుట్టినప్పుడు మారిపోయిన బిడ్డలా అది మా ఇద్దరి మధ్యా మెట్టు మీద పడి ఉంది. అప్పుడు వాడు దాన్ని ఇంకోవైపు తిప్పాడు. వెనకాల స్కెచ్ పెన్‌తో వైఫై పాస్‌వర్డ్ రాసి ఉంది. కాసేపు దాన్నే చూసి, చిన్నగా నవ్వి, “ఈ చేతిరాత నాదే సార్” అన్నాడు. పెట్టిందీ వాడే! అక్కడే ఎవరికో ఫోన్ చేసి నంబర్ మార్పించాడు. ఇంత పెద్ద కంపెనీలో నా సమస్య తీర్చింది ఒక స్కెచ్ పెన్ను.

రసీదు ఇవ్వమన్నా. ఇవ్వరు సార్, యాప్‌లో వస్తుంది అన్నాడు. యాప్ సంగతి నాకు తెలుసు నాయనా అని, ఒక కాగితం మీద ఏమేం తీసుకున్నాడో, సీరియల్ నంబరు, తేదీ రాయించి సంతకం పెట్టించుకుని, రూటర్ వాడి చేతిలో ఉండగా ఫొటో కూడా తీశా. నీ శిష్యుణ్ణి కదా, ఆ నీలం గొడుగు కేసు తర్వాత ఎవణ్ణీ ఊరికే నమ్మట్లేదు.

నువ్వు కూడా ఇల్లు మారుతున్నానన్నావు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా. ఫోన్‌లో చెప్పి ఊరుకోకు, ఫలానా తేదీ నుంచి నాకు వద్దు అని మెయిల్ పెట్టు, టికెట్ నంబర్లు రాసి పెట్టుకో. ఇంకోటి, ఆటోపే ఆపేస్తే పీడ వదిలిందనుకుంటాం చూడు, అది ఒట్టి భ్రమ. ఆపితే మన ఖాతాలోంచి డబ్బు పోవడం ఆగుతుంది అంతే, కనెక్షన్ ఆగదు. పోస్ట్‌పెయిడ్ అయితే బిల్లు పుడుతూనే ఉంటుంది, బాకీ అని పేరుకుంటుంది, ఆ తర్వాత వసూలు చేసేవాళ్ళ ఫోన్లు. నేను రెండూ చేశా, ఆటోపే ఆపి, క్లోజర్ కాగితం కూడా అడిగా, బాకీ ఏమీ లేదని రాసి ఇమ్మని. పంపుతామన్నారు. ఎప్పుడంటే సిస్టమ్‌లో ఉంది సార్ అన్నారు. రూటర్ వెళ్ళిపోయాక కూడా నిన్న ఇంకో మెసేజ్ వచ్చింది, అందులో ఏముందంటే

ఆగు, కింద హార్న్ కొడుతున్నారు, చిన్నదాన్ని దింపి రావాలి. డిపాజిట్ సంగతి నీకు చెప్పనే లేదు, అది దీన్ని మించిన కథ. నీ మోకాలు ఎలా ఉంది, అంటే అమ్మది కాదు నీది, రాయి. వస్తున్నా, వస్తున్నా అంటున్నా వినదు ఇది. ఉంటానురా,

నీ
లిఫ్టుగాడు