చిన్నీకి, పచ్చడి సీసాలతో పాటు

చిన్నీ,

మీ మెట్టలో చలి ఎక్కువట. తలకి గుడ్డ కట్టుకుని పడుకో. ఇక్కడ దాళ్వా నాట్లు మొదలయ్యాయి. పెద్దాడు ఖతర్ నుంచి ఫోన్ చేశాడు, బాగానే ఉన్నాడు. నీకు మాత్రం మెసేజ్ పెడితే నీలం టిక్కులు పడతాయి గానీ జవాబు రాదు. పని ఎక్కువై ఉంటుందని మీ నాన్నకి సర్దిచెప్పాను.

అడగాలని కాదు గానీ, పెళ్లిలో రాజోలు పిన్ని కనపడి "చిన్ని సచివాలయం ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసి మాదాపూర్ కంపెనీకి వెళ్లిపోతోందటగా" అంది. నాకు తెలిసినట్టే నవ్వాను. తర్వాత అన్నం సహించలేదు. వంకాయ కూరలో ఉప్పు కూడా ఎక్కువైందిలే.

ఆ సంగతి వదిలెయ్. టీ కొట్టు దగ్గర మీ నాన్నకి ఇంకో రకం కబురు చెప్పారు. 2025 జనవరిలో సర్కారు పనులన్నీ ఫోన్లోనే అంటూ వాట్సాప్‌లో మన మిత్ర వచ్చింది కదా, 161 సేవలతో మొదలెట్టారు, ఇక సచివాలయంలో మీ అమ్మాయిలాంటి డిజిటల్ అసిస్టెంటుతో పనేముంది అన్నారట. ఈయనకి టెన్షన్ పట్టుకుని, ఏదో సర్టిఫికెట్‌కి తానే ఫోన్ పట్టుకుని కూర్చున్నారు. ఓటీపీ కాస్తా పెద్దాడి ఫోన్‌కి పోయింది, ఆధార్‌కి ఉన్నది వాడి నంబరే. వాడికి అప్పుడు డ్యూటీ. చివరికి సచివాలయానికే వెళ్లారు. మీకు పని లేకుండా పోతుందన్న మాట నేను నమ్మను.

2024 జూలై 1 గుర్తుందా? పింఛను నాలుగు వేలు చేసి, మూడు నెలల బకాయితో ఏడు వేలు ఇచ్చిన రోజు. నువ్వింకా మన ఊళ్లోనే ఉన్నావు. తెల్లారకుండా టిఫిను కూడా తినకుండా బయల్దేరితే, బాక్సు పట్టుకుని నీ వెనకే వచ్చాను. తాళ్ల మామ్మ దగ్గర ఆగిపోయావు. జన్మంతా కొబ్బరి పీచు పేనిన చేతులు, గీతలన్నీ అరిగిపోయాయి. బొటనవేలు పెడితే పడదు. చేతులు కడిగించావు, తుడిచావు, పది వేళ్లూ మార్చావు. మధ్యలో సిగ్నల్ పోయింది, మిషను పట్టుకుని చెరువు గట్టు మీదకి నడిచావు. మామ్మ "నేను బతికే ఉన్నానే తల్లీ, ఆ డబ్బాకి చెప్పవే" అని ఏడుపు. పక్కింటివాళ్లు రేపు చూద్దాంలే అన్నారు, నువ్వు కదల్లేదు. ఆఖరికి గుమ్మంలో వెలుతురుకి కూర్చోబెట్టి మొహం ఫొటోతో చేశావు. ఆవిడ అందులోంచి వంద తీసి నీ చేతిలో పెట్టబోతే కోప్పడ్డావు. ఇడ్లీలు మాత్రం చల్లారిపోయాయి, సగం పారేశావు. మొన్న గుడి దగ్గర కనపడి నీ గురించే అడిగింది. కొత్తగా వచ్చిన కుర్రాడు మంచివాడేనట.

ఉండిపొమ్మని చెప్పడానికి ఇదంతా రాయలేదు. 2019 అక్టోబరు 2న కరపలో సచివాలయాలు ప్రారంభించిన నాటి నుంచీ చూస్తున్నాగా. పదిహేను వేల జీతం, రెండేళ్లన్న ప్రొబేషన్ 2022 దాకా, సర్వే వచ్చినా మీరే, ఈకేవైసీ వచ్చినా మీరే. పైగా సొంత మండలంలో ఉండకూడదని బదిలీ. బీటెక్ చదివినదానివి, ప్రమోషన్ ఎటువైపో తెలియకపోతే విసుగు రాదా? వస్తుంది. కానీ రాజీనామా ఇస్తే మళ్లీ రాదు. ముందు సెలవు పెట్టి చూడు. మీ ఆఫీసులో అభ్యంతరం లేదన్న కాగితం, అదే ఎన్ఓసీ, తీసుకుని గ్రూప్-2 రాయి. కంపెనీవాళ్ల ఆఫర్ కాగితం చేతికి రాకుండా సంతకం పెట్టకు. హాస్టల్ నీళ్లు నీకు పడవు, జుట్టు ఊడుతుంది. చూశావా, చెప్పకూడదనుకుంటూనే చెప్పేశాను.

వెళ్తే వెళ్లు. ఆ మాట పిన్ని నోట కాకుండా నీ నోట వింటే చాలు. గురువారం సాయంత్రం మీ నాన్న సొసైటీ మీటింగుకి వెళ్తారు, అప్పుడు ఫోన్ చెయ్యి.

తేగలు ఉడకబెట్టినవే, వెంటనే తినెయ్. కొబ్బరుండలు ఆఫీసులో అందరికీ పంచి నువ్వు ఖాళీ డబ్బా చూసుకోకు. ఆవకాయలో తడి గరిటె పెట్టకు. కిందటిసారి సీసాలు ఇంకా రాలేదు, మూతలతో సహా పంపించు.

అమ్మ