పెద్దక్షరమా, బ్రెయిలీనా? – మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

శ్రీకాకుళం జిల్లాలో చూపు తక్కువ పిల్లల తల్లిదండ్రులం మనం. ఈ ఏడాది ఎక్కువగా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగాం: కొంచెం చూపున్న బిడ్డకు బ్రెయిలీ (వేలితో తడిమి చదివే చుక్కల లిపి) నేర్పాలా, అక్కర్లేదా?

"గుంటకి కనబడతంది కదా, మరీ సుక్కలేటి?" అని ఆమదాలవలస వైపు నుంచి వచ్చిన ఒక నాయనమ్మ అడిగారు. ఆ పాప ఆరో తరగతి. పుస్తకం ముక్కుకు ఆనించి చదువుతుంది, రెండు పేరాలకే కళ్ల వెంట నీళ్లు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం అద్దాలు పెట్టుకున్నాక కూడా మెరుగైన కంట్లో చూపు 6/18 (మామూలు చూపుకు 18 మీటర్ల నుంచి కనిపించేది 6 మీటర్ల నుంచే కనబడటం) నుంచి 3/60 మధ్య ఉంటే అది చూపు తక్కువ కింద లెక్క. ఆ అంకె సదరం (వైకల్య ధ్రువీకరణ) పత్రానికి చాలు. పాఠం ఎంతసేపు చదవగలదో అది చెప్పదు.

అందుకే ఏ బిడ్డ ఎలా చదవాలో తేల్చడానికి 1990లలో అమెరికాలో కోనిగ్, హోల్‌బ్రూక్ అనే పరిశోధకులు రూపొందించిన పద్ధతిని మన వీలుకొద్దీ పాటించాం. బిడ్డ పని కంటితో చేస్తుందా, వేలితోనా, చెవితోనా అని ముందు గమనించాలి. నిమిషానికి ఎన్ని పదాలు చదివింది, ఎంతసేపటికి అలిసిపోయింది, చదివింది అర్థమైందా అన్నది రాసుకోవాలి. భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల సర్కారు కేంద్రం) టీచర్లు చూపించారు, మనం నోట్‌బుక్కుల్లో రాశాం.

అక్కడి పరిశోధన ఇంగ్లీషు అక్షరాల మీద జరిగింది. మన పిల్లలు తడబడేది ఒత్తుల దగ్గర. అక్షరం ఎంత పెంచినా కింద ఒత్తు చిన్నదే. మన దేశ భాషలకు వాడే భారతి బ్రెయిలీలో ఆ బాధ లేదు, అన్నీ ఒకే వరసలో వస్తాయి. 'క్క' రాయాలంటే ముందు ఆరు చుక్కల గడిలో నాలుగో చుక్క, తర్వాత రెండు 'క'లు. ఇది తెలిశాక ఆ నాయనమ్మే పాపతో కూర్చుని చుక్కలు తడుముతున్నారు. పాప ఇప్పుడు లెక్కలకు స్టాండు భూతద్దం, పెద్ద పాఠాలకు బ్రెయిలీ వాడుతోంది.

మనం చేసిన పొరపాటూ చెప్పాలి. అందరికీ పెద్దక్షరాల జిరాక్సులు తీయించాం. రెటినైటిస్ పిగ్మెంటోసా (కంటి వెనక పొర జబ్బు) ఉన్న బాబుకు అవి ఇంకా ఇబ్బంది పెట్టాయి. వాడి చూపు గొట్టంలోంచి చూసినట్టుంటుంది, అక్షరం పెరిగేకొద్దీ ఒక్కసారికి కనిపించేవి తగ్గిపోతాయి. ఆ డబ్బు మిగతా పిల్లల భూతద్దాలకు పెట్టాల్సింది. భూతద్దముంటే బస్సు టికెట్టు కూడా చదువుకోవచ్చు.

జనవరి 4న బ్రెయిలీ దినం, అక్టోబరు 15న తెల్లకర్ర దినం జరుపుకున్నాం. లెక్కలు కోశాధికారి విడిగా చదువుతారు.

పదో తరగతి పిల్లలున్నవారు బడి తెరిచిన నెలలోనే హెడ్మాస్టరుతో మాట్లాడండి. కేంద్రం మార్గదర్శకాల ప్రకారం పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి, రాసిపెట్టే మనిషిని కూడా అడగవచ్చు. వచ్చే సమావేశానికి అందరూ నోట్‌బుక్కులు తీసుకురండి. చదివే పద్ధతిని ఏటా మళ్లీ చూసుకోవాలి, చూపు మారుతుంది గనుక.