పార్కు అర్జీ: సోమవారం కలెక్టరేట్‌కు

అక్కలకు, అన్నలకు నమస్కారం. సోమవారం అనంతపురం కలెక్టరేట్‌లో పీజీఆర్ఎస్‌కు (ప్రజా సమస్యల పరిష్కార వేదిక) మన కాలనీ పార్కు అర్జీ ఇస్తున్నాం.

"పార్కు బాగుచేయండి" అని మాత్రం రాయొద్దు, అట్లాంటివి పక్కన పడిపోతాయి. ఏ గేటు, ఎన్ని గంటలకు తాళం, ఏ లైటు స్తంభం అన్నది రాయాలి. ఫొటోలో స్తంభం నంబరు కనపడాలి. పార్కులో ఊగుతూ నడిచే వ్యాయామ పరికరం, ఎయిర్‌వాకర్ కాలిపలక బోల్టు వదులై ఊగుతోంది, దాన్ని దగ్గరగా తీయండి. బోల్టు బిగించి, బేరింగు మార్చమని అడగాలి, రంగు వేస్తే సరిపోదు.

అసలు సంగతి వేళలది. పొద్దున 5 నుంచి 8 దాకే గేటు తీస్తే, ఆ వేళకు కూలికి, ఇళ్లల్లో పనికి పోయే ఆడవాళ్లు ఎప్పుడు నడవాలి? వాళ్లకు వీలయ్యేది రాత్రి 7 తర్వాతే. అప్పుడు లోపల చీకటి. 18 ఏళ్లు దాటినవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడకలాంటి వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. రాత్రి 9 దాకా గేటు, లైట్లు అడుగుదాం.

పార్కులు, ఆటస్థలాలు రాజ్యాంగం 12వ షెడ్యూలులో, అంటే మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ పనుల జాబితాలో ఉన్నాయి, అదీ రాయండి. రసీదు నంబరు తీసుకోకుండా రావొద్దు.